పారిజాతం పేరుతో నేనిచ్చిన జవాబుల గురించి

మునిర్కా, ఢిల్లీ.

డిప్యూటీ రిజిస్ట్రారు శేషగిరిరావు గారి సముఖమునకు,

బుడ్డమ్మా,

అయ్యా, పై మాట తమరిని ఉద్దేశించి రాసినది కాదు. కాగితం ముందు పెట్టుకుంటే నా చెయ్యి మొదట మా బిడ్డనే పిలుస్తుంది. కొట్టివేస్తే అర్జీ చెల్లదేమోనని అట్లే ఉంచాను.

విషయం: తమ విశ్వవిద్యాలయంలో క్రిమినాలజీలో పీహెచ్‌డీ చేస్తూ గత సెప్టెంబరులో డెంగీ జ్వరంతో చనిపోయిన మా బిడ్డ కుమారి హాసిని రికార్డు చేసిన ఒకటవ నంబరు సంభాషణను, ఈ నెల ముప్పైన చెరిపివేయక ముందు, ఒక్కసారి వినిపించుట గురించి.

జనగామ వాస్తవ్యురాలు, లారీ డ్రైవరు మల్లేశం భార్య నాగేంద్రమ్మ అను నేను, ఏడవ తరగతి వరకు చదువుకున్నదానను, విన్నవించునది. అర్జీలు రాయడం నాకు కొత్త కాదు. మా ఆయన లారీలో ఎవరిదో దొంగసరుకు దొరికి పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నప్పుడు తొమ్మిది రాసాను. తర్వాత నిర్దోషి అన్నారు. అప్పటినుంచి ఆయన ఏ ఆఫీసు మెట్లు ఎక్కడు, అందుకని ఒక్కదాన్నే వచ్చాను. తమరు మన తెలుగువారని మా బిడ్డ గదిలో ఉండే వైశాలి చెప్పినందున తెలుగులో రాస్తున్నాను.

1. మా బిడ్డ చదివినది, ఇంట్లో మనిషి జైలుకు పోతే బయట ఉన్న ఆడవాళ్లు ఎట్లా బతుకుతారని. నలభై ఒక్క మందిని అడిగింది. ప్రశ్నలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి మొదట నన్నే అడిగింది. కావున ఒకటవ నంబరు నేనే.

2. చాప మీద కూర్చోబెట్టి, బోర్లించిన గ్లాసు మీద రికార్డరు పెట్టింది. కన్నబిడ్డ నన్ను "మీరు" అన్నది. నాకు నవ్వొచ్చింది. "అమ్మా, నవ్వకు, రికార్డయితది" అన్నది. "మరి మీరు అంటే నవ్వు రాదానే?" అన్నాను. "అందరినీ ఎట్ల అడుగుతనో నిన్నూ అట్లనే అడగాలె. మల్ల మీ అసలు పేరు చెప్పకండి, వేరే పేరు పెట్టుకోండి" అన్నది. చిన్నప్పుడు నాకు ఇష్టమైన పేరు పారిజాతం. అదే చెప్పాను.

3. అసలు పేరు ఎక్కడా రావద్దన్నది గనుక, జవాబులిచ్చేందుకు ఒప్పుకున్నట్టు రాసిన కాగితం మీద సంతకం కూడా పారిజాతం అనే చేసాను. బిడ్డ అది రైలెక్కాక చూసుకుని ఫోన్ చేసింది. "అయ్యో అమ్మా, సంతకం అసలుదే పెట్టాలె. దసరాకు వచ్చినప్పుడు మార్పిద్దాం తియ్." దసరా రాకముందే పోయింది.

4. తమ ఆఫీసు నియమం ప్రకారం, చదువు మధ్యలో ఆగితే రికార్డులు చెరిపివేయవలెను. జవాబు చెప్పిన మనిషి మాత్రం తన మాటలు తాను అడిగి వినవచ్చును. నంబర్ల వెనుక అసలు పేర్లు మా బిడ్డకు ఒక్కదానికే తెలుసు. తమ గుమాస్తా భరద్వాజ్ నా ఆధారు, సంతకం పక్కపక్కన పెట్టి చూసి, "ఆంటీజీ, పారిజాతం కో లేకే ఆయియే" అన్నాడు. పారిజాతాన్ని వెంటబెట్టుకుని రమ్మని. పారిజాతం ఈమేనని వైశాలి చెప్పింది. "ఫిర్ నాగేంద్రమ్మ కౌన్ హై?" అని అడిగాడు. అట్లయితే నాగేంద్రమ్మ ఎవరని. అబ్బాయి మంచివాడే, నాకు కుర్చీ వేసాడు.

5. ఈ నియమం ఎవరు పెట్టారని బిడ్డకు చదువు చెప్పిన సుభాషిణి మేడమ్‌ను అడిగాను. తన రికార్డులకు వర్తించేట్టు హాసినే పట్టుబట్టి రాయించిందట. ఆ ఆడవాళ్ల మాట ఒక్కటి బయటపడినా వాళ్లకు ఇబ్బంది అవుతుందని. చెప్తూ మేడమ్ కళ్లు తుడుచుకున్నది. కావున నియమం తప్పని నేను అనను. మిగతా నలభై మంది మాటలు నాకు వద్దు. వాళ్లూ నాలాగే జైలు గేటు ముందు నిలబడినవాళ్లు.

6. ఇరవై మూడవ ప్రశ్న: "ఆ పద్నాలుగు నెలలు మీరు కడుపునిండా తిన్నారా?" అప్పుడు బిడ్డకు తొమ్మిదేండ్లు. నేను తిన్నాకనే నీకు పెడుతున్నా అని రోజూ చెప్పేదాన్ని. ఆ రోజు యంత్రం ముందు, లేదు, తినలేదు అని చెప్పాను. రికార్డులో అక్కడ మాట ఉండదు, ఫ్యాన్ చప్పుడే ఉంటుంది.

7. చివరి ప్రశ్న: "మీరు నన్ను ఏమన్న అడుగుతారా?" "నువ్వు ఢిల్లీల ఏం తింటున్నవ్ బిడ్డా?" అన్నాను. బిడ్డ చెప్పడం మొదలుపెట్టింది. అంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. లేచి ఉరికాను. వంటింట్లోకి బిడ్డ మాట వినపడుతూనే ఉంది గాని ఏమన్నదో తెలియలేదు. దించబోతే గిన్నె కింద పడింది. బండ తుడిచి వచ్చేసరికి రికార్డరు ఆపేసింది. "ఏమన్నవే?" అంటే, "అంత దాంట్ల ఉన్నది తియ్, ఎప్పుడన్న విందువుగని" అన్నది.

తన ఫోను ఉన్నది, తాళం తీయడం ఎవరికీ రాదు. నాది మీటల ఫోను. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

కావున తమరు దయతో ఒకటవ నంబరు రికార్డు తెరిచి, ఇరవై మూడవ ప్రశ్న దగ్గర ఫ్యాన్ చప్పుడు, చివరన నేను "అయ్యో పాలు" అని అరవడం, గిన్నె కింద పడిన చప్పుడు ఉన్నవా లేవా చూడవలెను. ఉన్నచో పారిజాతం నేనే. లేనిచో నేను మరుసటి రైలుకు పోతాను. గిన్నె పడిన తర్వాత ఉన్న మాటలు మాత్రం నాకు వినిపించి, ఆ పైన నియమం ప్రకారం చెరిపివేయవచ్చును. నాకు వినిపించడం కుదరదంటే, తమకు తెలుగు వచ్చు గనుక తమరే విని, మా బిడ్డ ఏం తింటున్నానన్నదో ఒక కాగితం మీద రాసి ఇప్పించినా చాలును.

పై సంగతులన్నీ ముప్పయ్యో తేదీ దాటకముందే తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నాగేంద్రమ్మ
పారిజాతం
(రెండు సంతకాలూ నావే)

తా.క. నిన్న తమ గది బయట నాలుగు గంటలదాకా కూర్చున్నాను. తమరి టిఫిను డబ్బా విప్పకుండా బల్ల మీదనే ఉన్నది. ఫైళ్లు ఎక్కడికీ పోవు. నా అర్జీ కూడా తిన్నాకనే చదవండి. వేళకు తినండి అయ్యా, కడుపునిండా తినండి.