తవుడిచ్చి కొన్న కొడుకు

1971 ఆగస్టు 9, సాయంత్రం

నన్ను కన్న మనిషి ఇవాళ మేజిస్ట్రేటు ముందు నిలబడి, నేను తన కొడుకును కాదని చెప్పింది.

గొణగలేదు. తడబడలేదు. ఈడు నా కొడుకు కాడు బాబూ, పక్కింటి దేముడమ్మ కొడుకు, నాను పెంచినానంతే అంది. మేజిస్ట్రేటు హిందీలో అడిగాడు. గుమాస్తా భాస్కరరావు తెలుగులో మళ్లీ అడిగాడు. రెండుసార్లూ అదే మాట. నా వైపు చూడనైనా లేదు.

నేను ఆవిడ కొడుకునని రాసిన అఫిడవిట్ కాగితం, వేలిముద్ర పడకుండా భాస్కరరావు చేతిలోనే ఉండిపోయింది. బయటికొచ్చాక ఆయన, ఏమయ్యా రాముడూ, ఇద్దరమ్మలున్నారు, ఒక్కమ్మ కూడా పనికి రాలేదా అని నవ్వాడు. కొట్టాలనిపించింది. కొట్టలేదు.

నేను పుట్టకముందు ఆవిడకి పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. అందుకని నేను పుట్టగానే మావాళ్లు చేసే పనే చేశారు. చేటలో పడుకోబెట్టి గుమ్మం బయట పెట్టారు. దేముడమ్మ గుప్పెడు తవుడిచ్చి కొనుక్కుంది. కొని, పాలిచ్చి పెంచమని మళ్లీ ఆవిడ చేతికే ఇచ్చింది. చావుని మోసం చెయ్యడానికి. అందుకే కన్నతల్లి గవరమ్మని పిన్నీ అంటాను, దేముడమ్మని అమ్మా అంటాను. ఈ దీవిలో, మా జంగ్లీఘాట్ పేటలో కుక్కకి కూడా తెలుసు నేను గవరమ్మ కొడుకునని.

బడిలో మాత్రం తల్లి పేరు దేముడమ్మ అని రాయించారు. తండ్రి పేరు అప్పయ్య, అంటే గవరమ్మ మొగుడు. పాస్‌పోర్టు ఎంక్వయిరీకొచ్చిన పోలీసు అది చూసి కన్నుకొట్టాడు. అయ్య బతికుంటే ఆయనే చెప్పేవాడు. ఇప్పుడు కన్నతల్లే స్వయంగా చెప్పాలట. చెప్పమని తీసుకెళ్తే ఇదీ చెప్పింది.

ఆగస్టు 10

పిన్ని కట్టిన క్యారేజీ గుమ్మంలోనే వదిలేసి పనికి పోయాను.

ఆగస్టు 11, రాత్రి

పోలండ్ వాళ్లు ఈ నెలాఖరులోగా పాస్‌పోర్టు నంబరు పంపమన్నారు. ఓడ ఇంజన్ల కోర్సు, రెండేళ్లు. బోటు వర్క్‌షాపులో పీపాలు దొర్లించే కూలీగా చేరాను. గ్రీజు మరకల మాన్యువల్ ముందేసుకుని, ఒక్కో మాటా వాణ్నీ వీణ్నీ అడిగి ఇంగ్లీషు నేర్చుకున్నాను. పరీక్ష నా అంతట నేను రాసి పాసయ్యాను. అఫిడవిట్ శనివారం ఓడ మీద కలకత్తా పాస్‌పోర్టు ఆఫీసుకి పోవాలి. తర్వాతి ఓడ ఎప్పుడో హార్బర్ వాళ్లకే తెలీదు.

ఇవాళ వర్క్‌షాపులో తోటివాళ్లు, అరే భయ్యా, ఇంజను చప్పుడు విని ఏ కంపెనీదో చెప్తావు, నువ్వే కంపెనీయో చెప్పవేం అన్నారు. స్పానర్ గోడకి విసిరాను. మేస్త్రీ ఇంటికి పొమ్మన్నాడు.

ఇంటికొచ్చి అరిచాను. నీకు నా మీద ఏం పగ అన్నాను. నేను బాగుపడితే ఓర్చలేవా అన్నాను. పిన్ని చేపలు తోముతూ కూర్చుంది. పాసుపోర్టొద్దు ఏటొద్దు, నువ్ బతికుంటే సాలు అంది. నువ్వు బతకనిస్తే కదా అన్నాను. కత్తిపీట పక్కకి పెట్టి లోపలికెళ్లి గడియ వేసుకుంది.

ఆగస్టు 12

దేముడమ్మ వచ్చింది. నన్ను ఒడ్డుకి తీసుకెళ్లింది. ఆరబెట్టిన వలల పక్కన కూర్చుని చెప్పింది. ఎలా రాయాలో తెలీడం లేదు.

ఆ పోయిన పిల్లల్లో నాకో అన్న ఉండేవాడట. మల్లేశు. వాణ్ని కూడా అమ్మారట. వాణ్ని కొన్నది కూడా దేముడమ్మే. నడక వచ్చాక అందరూ కలిసి విశాఖపట్నంలో ఓడెక్కారట. ఇక్కడ జెట్టీ మీద దిగేటప్పుడు ఒక ఆఫీసరు, కిస్కా బచ్చా హై, ఈ బిడ్డ ఎవరిది అని అడిగాడట. హిందీ రాకపోయినా పిన్నికి అర్థమైందట. కొత్త దేశం, కొత్త బతుకు, ఇంకేం భయం అనుకుందేమో, బిడ్డని చంకనెత్తుకుని, నా కొడుకే బాబూ అందట. నవ్వుతూ అందట.

ఆ వారమే జ్వరం వచ్చి పోయాడట.

ఓలమ్మ, అప్పుట్నించి అది ఆ మాట ఎవుడి కాడా అనలేదురా, నిన్ను ముద్దాడినప్పుడు కూడా అనలేదు అంది దేముడమ్మ. మొన్న కోర్టులోనూ అదే ఓడ, అదే ఆఫీసరు, అదే ప్రశ్న అనిపించిందట దానికి. నీకు పోలండు కావాల, దానికి నువ్ కావాల, అంతే గుంటడా అంది.

నాకు తెలీదు. ఇన్నేళ్లూ ఒక్కరూ చెప్పలేదు. అన్న పడుకున్న చాప మీదే నన్నూ పడుకోబెట్టిందట. నిన్న నేనన్న మాట గుర్తొస్తే నాలుక కోసుకోవాలని ఉంది.

అయినా కోపం పోలేదు. జ్వరం చంపింది. మాట చంపలేదు. ఇరవై ఏళ్లు నా చేత పిన్నీ అనిపించుకుంది, ఆ జ్వరానికి భయపడి.

ఆగస్టు 13, తెల్లవారుజామున

పిన్ని గది గడియ ఇంకా తియ్యలేదు. దేముడమ్మని అడిగాను. తిరిగి కొనుక్కుంటే దోషం ఉండదంది. అమ్మింది ఎలాగో, కొనేదీ అలాగే.

పిన్నీ, గుమ్మంలో చేట పెట్టాను. అందులో నేను పట్టను. నా వర్క్‌షాపు చొక్కా పెట్టాను. దేముడమ్మ కొంగు పరిచి కూర్చుంది. గుప్పెడు తవుడు వెయ్యి. నన్ను కొనుక్కో. తర్వాత కోర్టుకొచ్చి ఆ మాట అను. రేపే ఓడ. కోర్టు పది గంటలకి తెరుస్తారు. ఆలోగా తలుపు తియ్యి.

అమ్మా, పదింటిలోగా.