ప్లైవుడ్ గోడకు ఇవతల రాసిన బ్లాగు

వకీలు వృత్తిలో జుట్టు నెరిసినదాన్ని, ‘వాయిదా’ అనే బ్లాగు రాసేదాన్ని అయిన నేను, కోర్టు ఎదురుగా ఉన్న మేడలో రెండో అంతస్తు చివరి గదిలో కూర్చొని, జ్ఞాపకం చెడకుండా, బుద్ధి నిలకడగా ఉండగా, నా ఇష్టపూర్వకంగా రాసుకున్న చివరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి ఏవైనా ఉంటే అవన్నీ ఇందుమూలంగా రద్దు. ‘ఎవరి ఒత్తిడీ లేకుండా’ అని రాయడం మా వృత్తిలో ఆనవాయితీ. నేను అలా రాయను. ఒత్తిడి ఉంది, నలువైపుల నుంచీ ఉంది. లొంగలేదని మాత్రం రాస్తున్నాను. బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. ఆ డాక్టరు ఎవరికి చుట్టమో కూడా వాకబు చేశాను. ఎవరికీ కాదు. టైపు నేనే చేసుకున్నాను, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా మేనకోడలిది. ఆమె నా తమ్ముడి కూతురు, నా దగ్గర జూనియర్. పని నా గదిలో, భోజనం వాళ్ల నాన్న గదిలో. ఇటు విన్నది అటు చేరవేస్తుందేమోనని మొదటి ఏడాదంతా ఆమె ముందు వాతావరణం గురించి తప్ప మరేమీ మాట్లాడలేదు. “అత్తా, మీకు మబ్బులంటే ఇంత ఇష్టమని తెలీదు” అంది ఒకరోజు. ఆమెను పూర్తిగా నమ్మి ఈ బాధ్యత ఇవ్వడం లేదు. మిగతావాళ్లను ఇంకా తక్కువ నమ్ముతాను కాబట్టి ఇస్తున్నాను.

2. నేను ఉంటున్న ఇల్లు, అందులోని సామానుతో సహా, నా తదనంతరం పై మేనకోడలికి సర్వహక్కులతో చెందాలి. వీధి తలుపుకు మూడు తాళాలున్నాయి. మూడూ వెయ్యాలి. నవ్వకూడదు.

3. మా గుమాస్తాకు నా ప్రింటరు. నాకూ తమ్ముడికీ మధ్య ఉన్న గోడకు రెండు వైపులా ఆయనొక్కడే గుమాస్తా. నేనూ తమ్ముడూ మాట్లాడుకోం కాబట్టి రాయబారమంతా ఆయనదే. నేను “ఆ ఫైలు ఇస్తాడా చస్తాడా కనుక్కో” అంటే, అటు వెళ్లి “మేడమ్ గారు తమరి ఆరోగ్యం కనుక్కోమన్నారండి, పనిలో పని ఫైలు కూడా” అని చెప్పడం గోడ ఇవతల నుంచి ఎన్నోసార్లు విన్నాను. ఈ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి ఏడో క్లాజులో రుజువు చేస్తాను. అయినా ఆ ప్రింటరు ఆయన దాని పక్కన చరిస్తే తప్ప కదలదు, ఇంకెవరికిచ్చినా పాత ఇనపసామాను కిందే లెక్క.

4. గోడ. ఇది నాన్నగారి ఆఫీసు. ఒకే గది, రెండు బల్లలు, నేనొకటి తమ్ముడొకటి. నేను బ్లాగు మొదలుపెట్టిన కొత్తలో వాడు, “వకీలు అవసరం లేదని వకీలే రాస్తే మన పొయ్యిలో పిల్లి లేవదక్కా” అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఆ నెలలోనే వకీళ్ల మండలికి నా మీద ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది: ఈమె రాసేది జనానికి చట్టం చెప్పడం కాదు, కక్షిదారులను పట్టే గాలం, వకీళ్లు ప్రకటనలు చేసుకోకూడదన్న నియమానికి విరుద్ధం అని. నేను వెళ్లి మండలి ముందు నిలబడ్డాను. అక్కడి పెద్దాయన నా వ్యాసాలు చదవకుండానే, “చదివినవాళ్లు మీ దగ్గరికి వస్తే అది ప్రకటనే కదమ్మా” అన్నారు. డాక్టరు ఆరోగ్యం గురించి రాస్తే సేవ, వకీలు నోటీసు గురించి రాస్తే వల అట. చివరికి బ్లాగులో నా ఫోను నంబరు, ఆఫీసు చిరునామా ఉండకూడదన్న షరతు మీద వదిలిపెట్టారు. ఆ సాయంత్రమే నేను వడ్రంగిని పిలిచి గదికి అడ్డంగా ప్లైవుడ్ కొట్టించాను. ఫ్యాను అటు పోయింది, కిటికీ ఇటు మిగిలింది.

ఆ ఉత్తరం తమ్ముడిదేనని ఇన్నేళ్లూ అనుకున్నాను. అయితే అందులో నియమం నంబరు తప్పుంది. నా తమ్ముడు నిద్రలో కలవరించినా నంబరు తప్పు చెప్పడు. అందుకని కావాలనే తప్పు రాశాడని అనుకున్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు, నా బుద్ధి ఇది. నా తదనంతరం ఆ గోడ తీసెయ్యాలి. మేకులు జాగ్రత్తగా పీకాలి, కింద నాన్నగారు వేయించిన నేల ఉంది.

5. ఇక నా అసలు ఆస్తి, ‘వాయిదా’ బ్లాగు. ఒకావిడ ఇల్లు ఖాళీ చెయ్యమన్న నోటీసును మడిచి పర్సులో పెట్టుకొని, గడువు దాటాక నా బల్ల ముందుకొచ్చి కూర్చుంది. “వకీలంటే భయం వేసి రాలేదండి” అంది. ఆవిడకు నేనేమీ చెయ్యలేకపోయాను. ఆ కడుపుమంటతో రాసిందే మొదటి వ్యాసం, ‘నోటీసు వచ్చిన రోజు ఏం చేయాలి’. నోటీసు అందిన పదిహేను రోజుల్లోపు అద్దెదారు కోర్టులో ఒక కాగితం దాఖలు చేస్తే చాలు, ఎవరూ సామాను వీధిలో పడెయ్యలేరు. ఆ కాగితం నమూనా అందులో ఉంది. చివరి వాక్యం ఇది: ‘ఈ పనికి వకీలు అవసరం లేదు, మీరే చేసుకోగలరు.’ నా బ్లాగులో ఎక్కువమంది చదివింది అదే. సామాను వీధిలో పడకుండా ఆపగలిగిన వాక్యం నేను రాసినవాటిలో అదొక్కటే అని నా నమ్మకం.

ఇప్పుడొక కంపెనీ ఆ బ్లాగు కొంటానంటోంది. వాళ్ల కుర్రాడు ఖరీదైన బిస్కెట్ల డబ్బా పట్టుకొని నెలనెలా వస్తాడు. బిస్కెట్లు గుమాస్తా తిన్నాడు, నేను ముట్టుకోలేదు. “ఏమీ మార్చమండి, ఒక్క చివరి వాక్యం తీసి అక్కడ మా నంబరు పెడతాం” అంటాడు ఎంతో మర్యాదగా. నా నంబరే పెట్టుకోనివ్వని బ్లాగులో వాళ్ల నంబరట. నా తర్వాత బ్లాగు ఎవరి చేతికి వెళ్లినా, ఆ ఒక్క వాక్యం తియ్యకూడదు. ఈ వీలునామా మొత్తం దానికోసమే.

6. ఎదురు గది వకీలు గారికి ఏమీ రాయడం లేదు. కావలసింది ఆయన ముందే తీసుకున్నారు. నా వ్యాసాలు ఆయన పేరు మీద ఆయన సైటులో ఉన్నాయి. ‘మా మేనకోడలు అడిగిన ప్రశ్న ఇది’ అన్న నా వాక్యంతో సహా ఎత్తి రాశారు. ఆయనకు అక్కచెల్లెళ్లూ అన్నదమ్ములూ లేరు. బ్లాగు ఉంటే జనం పెద్ద వకీలు అనుకుంటారని ఇప్పుడు ప్రతివాడూ ఒకటి పెడుతున్నాడు. జూనియరు రాస్తాడు, సీనియరు ఫొటో పెట్టుకుంటాడు. ఈమధ్య జూనియరుకు కూడా ఆ శ్రమ లేదు, యంత్రం రాసిపెడుతోంది. చదివేవాడి ఇల్లు పోతుందేమోనన్న భయం రాసేవాడికి లేకపోతే అది గోడమీది ప్రకటన కంటే హీనం. గోడమీది ప్రకటన చూసి ఎవరూ ఇల్లు పోగొట్టుకోరు.

7. పెన్సిల్. నా ప్రతి వ్యాసం కిందా ‘పెన్సిల్’ అనే మారుపేరుతో ఒక పాఠకుడి వ్యాఖ్య పడుతుంది. పొగడ్త ఉండదు, పలకరింపు ఉండదు. ‘మూడో పేరాలో చెప్పిన తీర్పును పై కోర్టు కొట్టేసింది.’ ‘సెక్షను అది కాదు, దాని పక్కది.’ అంతే. మొదట మండలి పెట్టిన గూఢచారి అనుకున్నాను, నా తప్పులు పోగేసి మళ్లీ ఫిర్యాదు పెడతారని. తర్వాత రిటైరైన జడ్జి ఎవరో పొద్దుపోక రాస్తున్నారనుకున్నాను. కొన్నాళ్లు ఎదురు గది ఆయన అనుకున్నాను గాని, ఆయనకు అంత చట్టం తెలియదు. నోటీసు గడువు ముప్పై రోజుల నుంచి పదిహేనుకు తగ్గినప్పుడు అందరికంటే ముందు నాకు చెప్పింది పెన్సిలే. ఆ రోజు దిద్దకపోయి ఉంటే, నా వ్యాసాన్ని నమ్మినవాళ్లే నట్టేట మునిగేవారు.

పోయిన నెల ఈ వీలునామాకు మూడు ముసాయిదాలు చేశాను. చూసి చెప్పమని మేనకోడలికి ఒకటి, గుమాస్తాకు ఒకటి ఇచ్చాను, మూడోది కవరులో పెట్టి అంటించి తమ్ముడికి పంపాను. దేనికి దానికి వేరే ఎర. బయట ఏ మాట వినిపిస్తే ఆ కాపీ ఎవరిదో వాళ్లే ఉప్పందించినట్టు. మేనకోడలి కాపీలో బ్లాగు కంపెనీకి అమ్ముతున్నట్టు రాశాను. కంపెనీ కుర్రాడు ఎప్పటిలాగే బిస్కెట్లతో వచ్చి ఎప్పటి పాటే పాడాడు, కాబట్టి పిల్ల నోరు విప్పలేదు. గుమాస్తా కాపీలో బ్లాగు మొత్తం చెరిపేయాలని రాశాను. మర్నాడు మెట్ల దగ్గర జిరాక్సు షాపాయన, “బ్లాగు తీసేస్తున్నారంట కదా మేడమ్, పాపం” అన్నాడు.

తమ్ముడి కాపీలో నాన్నగారి గోడ గడియారం వాడికే రాసి, రెండో సాక్షిగా కూడా వాడినే పెట్టాను. సాక్షి సంతకం పెట్టినవాడికి ఆ వీలునామా కింద చిల్లిగవ్వ దక్కదన్నది మా వృత్తిలో ఓనమాలు. ఆ తప్పును అడ్డం పెట్టుకొని వాడు రేపు వీలునామా మొత్తం కొట్టేయించాలని చూస్తాడా, లేక చెబుతాడా అని నా పరీక్ష. రెండు రోజులకు, ఇంటి అడ్వాన్సు గురించి రాసిన వ్యాసం కింద పెన్సిల్ వ్యాఖ్య పడింది: ‘ఈ వ్యాసానికి సంబంధం లేని విషయం, మన్నించాలి. వీలునామాలో సాక్షిగా ఉన్నవారికి అందులో రాసిన ఆస్తి చెల్లదు. మేడమ్ గారు మరొకసారి చూసుకోవాలి.’

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆ తప్పున్న కాపీ లోకంలో ఒక్కటే. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేని జబ్బు నాన్నగారి నుంచి వాడికొచ్చింది. మాట్లాడని అక్క రాసిన ప్రతి అక్షరం ఇన్నేళ్లూ ఆ ప్లైవుడ్‌కు అవతల కూర్చొని చదివాడన్నమాట. నాకు ఏడుపొచ్చింది. చప్పుడు కప్పడానికి ఇటు ఫ్యాను కూడా లేదు, అందుకని గట్టిగా దగ్గాను. అటునుంచి గుమాస్తా వచ్చి “అయ్యగారు మంచినీళ్లు పంపించారండి” అన్నాడు. ఆ మాట తమ్ముడిదో గుమాస్తా కల్పనో నాకిప్పటికీ అనుమానమే. నీళ్లు మాత్రం తాగాను.

8. మేనకోడలికి నా నల్ల గౌను, కిటికీ పక్క కుర్చీ, బ్లాగులో కొత్త వ్యాసాలు రాసే హక్కు. అమ్మడూ, నువ్వు నాకంటే అందంగా రాస్తావు, సరిచూడవు. నడుస్తున్న కేసు గురించి రాయకు. కక్షిదారు కన్నీళ్లను వ్యాసానికి వాడుకోకు. జడ్జి మీద కోపంతో ఉన్న రోజు కంప్యూటరు తెరవకు. నీ పేరు మీద ఇంకెవరినీ, ఇంకే యంత్రాన్నీ రాయనివ్వకు. బ్లాగు చూసి కేసులు రావాలని రాస్తే, చదివేవాళ్లకు ఆ వాసన తెలిసిపోతుంది.

9. ‘వాయిదా’ బ్లాగు, అందులోని వ్యాసాలు, దాన్ని తెరిచే పాస్‌వర్డు, నాన్నగారి గోడ గడియారం నా తమ్ముడికి చెందాలి. మొదటి వ్యాసం చివరి వాక్యం తియ్యకూడదు, దేన్నీ అమ్మకూడదు అన్న షరతుతో. ఆ వాక్యం రాసినందుకే నాతో పోట్లాడినవాడికి ఎందుకు ఇస్తున్నానంటే, పెన్సిల్ ఇన్నేళ్లలో ఆ వ్యాసాన్ని ఎన్నోసార్లు దిద్దమన్నాడు గాని ఆ వాక్యాన్ని తీసెయ్యమని ఒక్కసారీ అనలేదు. అయినా నేను నేనే. వాడు నిజంగా కావాలనుకుంటున్నాడా, అక్క వీలునామా రాసేదాకా వచ్చిందని జాలిపడి తల ఊపుతాడా అన్నది నాకు తెలియాలి. అందుకే కింద రెండో సాక్షిగా మళ్లీ వాడి పేరే టైపు చేశాను. ఈసారి పొరపాటున కాదు. చదివి, సంతకం పెడితే వాడికి బ్లాగూ లేదు, గడియారమూ లేదు, రెండూ మేనకోడలికి పోతాయి. పెట్టకపోతే రెండూ వాడివి. మాట్లాడనక్కర్లేదు.

పై క్లాజులన్నీ నేనే చదువుకొని, సరేననుకొని సంతకం చేస్తున్నాను. బతికి ఉన్నంతకాలం దీన్ని మార్చుకునే, చింపేసే హక్కు నాకుంది. ఆ సంగతి కంపెనీ కుర్రాడికి చెప్పకండి, మళ్లీ బిస్కెట్లు తెస్తాడు.

తేదీ: రెండువేల ఇరవై నాలుగు, మార్చి పన్నెండు, మంగళవారం.

(సంతకం)
వకీలు, ‘వాయిదా’ బ్లాగు రాసినామె

సాక్షులు:

1. (సంతకం) కింది అంతస్తు జిరాక్సు షాపు యజమాని

2. ‘వకీలు, వీలునామా రాసినామె తమ్ముడు’ అని టైపు చేసిన పేరు కొట్టివేత. దాని స్థానంలో:
(సంతకం) ఎదురు గది వకీలు

కొట్టివేత నా ఎదుటే, నా సమ్మతితోనే జరిగింది. పక్కనున్న పెన్సిల్ రాతను ఎవరూ చెరపవద్దు. (పొడి సంతకం, వీలునామా రాసినామె)

పక్కన పెన్సిల్ రాత: ‘ఇక్కడ నేను పెట్టను. ఎదురు గది ఆయనకు ఇందులో ఏమీ లేదు కాబట్టి ఆయన పనికొస్తాడు, పిలుచుకొచ్చాను. అయిదో క్లాజులో పదిహేను రోజులని రాశావు. నిన్నటి నుంచి పది. బ్లాగులో ఇవాళే మార్చాలి అక్కా.’