కూలికి కూసున్న మనిషి

తూంకుంట,
ఆదివారం

ప్రియమైన బాపుకు,

నీ బిడ్డ బిందు రాస్తున్న. నెల రోజులాయె, నీకు ఫోన్ జేస్తే స్విచాఫ్ వస్తాంది. నా మీద కోపమని తెలుసు. ఇంటికొచ్చి నీ మొఖం చూసే ధైర్యం లేక ఉత్తరం రాస్తున్న.

పోయిన వానకాలం నీ బొమ్మ గీస్తనంటే నువ్వు చెరువుకు పోవుడు మానుకొని, రోజూ పొద్దుగాల అరుగు మీద వల అల్లుకుంట నా ముంగట కూసున్నవు. "లైబ్ల్ అని జర్మనీల ఒక పెయింటర్ ఉండె బాపూ, నూటనలభై ఏండ్ల కింద. చర్చిల ముగ్గురు ఆడోళ్లను కూసోబెట్టి ఒక్క బొమ్మనే మూడేండ్లు గీసిండు" అని చెప్తే, "మరి గన్ని రోజులు ఆళ్ల ఇండ్లల్ల బువ్వ ఎవరొండిన్రే?" అని నవ్వినవు.

ఆయన ఊరోళ్లను ఉన్నది ఉన్నట్టే గీసిండు, అందంగ దిద్దలే. నేనూ గట్లనే గీయాలనుకున్న. నీ వేళ్ల మీద తాడు కోసిన గాట్లు, అరిగిన గోళ్లు, అన్నీ ఆయిల్ రంగులల్ల తెచ్చిన. బొమ్మల అబద్ధం లేదు. అబద్ధం నా నోట్లె ఉండె.

పట్నంల బొమ్మలు గీసెటోళ్లకు మా నాయిన తుర్కపల్లి మందుల కంపెనీల ఆఫీసరని ఎప్పుడో చెప్పుకున్న. నీ బొమ్మ పెట్టిన ఎగ్జిబిషన్ నాడు నువ్వు ఇస్త్రీ అంగీ తొడుక్కొని బస్సెక్కి వస్తవనుకోలే. బహుమతులు ఎంపిక చేసే సీతామహాలక్ష్మి మేడం నీ దిక్కు చూసి, "బొమ్మలో ఉన్నది ఈయనేనా? మీకేమవుతారు?" అనడిగింది.

"ఏమీ కారు మేడం. చేపలు పట్టుకునే మనిషి. కూలికి కూర్చోబెట్టాను" అన్న.

నువ్వు నా యెనకనే ఉన్నవు. మల్ల తిరిగి చూస్తే లేవు.

గా బొమ్మకే మొదటి బహుమతి వచ్చింది. ఈ శనివారం గాదు, పై శనివారం ఇస్తరు. నువ్వు రా బాపూ. స్టేజీ మీద నీ చెయ్యి పట్టుకొని, ఈయన మా నాయిన అని అందరి ముంగట చెప్త.

నీ కాళ్లు మొక్కుతూ,
బిందు

*

షామీర్‌పేట,
శుక్రవారం

బిడ్డా బిందూ,

ఏడో తరగతి చదివినోని రాత, తప్పులుంటే సదురుకో.

నాకు నీ మీద కోపం లేకుండె. వల గుంజంగ ఫోన్ చెరువుల పడ్డది, ఇంకోటి తీసుకోలే. ఆ రోజు నువ్వేమన్నవో నాకు ఇనపడనేలేదు. నీళ్లల్ల మునిగి మునిగి ఎడమ చెవు ఎప్పుడో పోయె కదా, నువ్వు గా దిక్కే ఉంటివి. పెద్దోళ్లతోని మాట్లాడుతున్నవు, నడుమ నేనెందుకని బయటికొచ్చి బస్సెక్కిన. నెల రోజులు గల్లీ గల్లీ చెప్పుకుంట తిరిగిన, నా బిడ్డ గీసిన నా బొమ్మ పట్నంల గోడకెక్కిందని.

నువ్వన్న మాట నీ ఉత్తరం చదివినంకనే తెలిసింది. రెండొద్దులాయె, చెరువుకు పోబుద్ధి అయితలేదు.

బహుమతి ఇచ్చే శనివారం నేను రాను. నా చెయ్యి పట్టుకొని నువ్వు చెప్తే జనం నీకే చప్పట్లు కొడ్తరు, ఎంత మంచి బిడ్డ అని. చెప్పాలనిపిస్తే నేను లేని కాడ చెప్పు.

నీ ఉత్తరం వచ్చిన నాడు మీ అమ్మ పక్కనే కూసొని "ఏం రాసింది? జర ఇనిపియ్యి" అన్నది. ఆమెకు చదువు రాదాయె. "ఈయన మా బాపు అని అందరికీ చూపిచ్చిందట" అని చదివిన.

ఇట్లు,
మైసయ్య