అడ్జస్ట్ అయ్యేది ఎప్పుడూ నేనే
సోమవారం రాత్రి, మానవపాడు.

ఏళ్ల నుంచి తమ్ముడు సాయన్నది ఒకటే మాట, అడ్జస్ట్. బస్సులో జరగమన్నా అడ్జస్టే. వాడి దోస్తు కోసం పెళ్లి బంతిలోంచి నన్ను లేపినా, గట్టు నా చేన్లోకి జరిపినా అడ్జస్టే. అన్నింటికీ తలూపాను.

మా ఇద్దరి ఉమ్మడి బోరులో ఈ రోజు వంతు నాది. ఎవరి పార కాలువలో గుచ్చి ఉంటే నీళ్లు వాళ్లవని మా కట్టుబాటు. పొద్దున పోతే నా పార పీకి గట్టు మీద పడేసి ఉంది. ఊడలు దిగి కాయ పట్టే వేళ నా వేరుశనగ ఎండుతోంది, నీళ్లు వాడి బామ్మర్ది మిరపకు పారుతున్నాయి.

“నేనే తీసిన. జర అడ్జస్ట్ చేసుకో అన్నా,” అన్నాడు అక్కడే ఉన్న సాయన్న.

“నువ్వెప్పుడన్న చేసుకున్నవా రా?”

నవ్వాడు.

పరాయివాడు తీసి ఉంటే అక్కడే తేల్చుకునేవాణ్ణి. తీసింది తోడబుట్టినవాడు కాబట్టి గడువిస్తున్నా. శుక్రవారం పొద్దుగూకేలోపు వాడి చేత్తోనే నా పార మళ్లీ గుచ్చుతాడా, లేదా? నా గడప ముందు నిలబడి వాడే చెప్పాలి.