వాగొడ్డు చేనులో రెండు జానలు

నేను, కుమ్ర మారుతి, తండ్రి సోము, వయసు యాభై రెండు, ఆదిలాబాద్ జిల్లా గోండు గూడెంవాణ్ణి, ప్రస్తుతం ఖతర్‌లో అల్ ఖోర్ క్యాంప్ నివాసిని, రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో పరంజా కట్టే స్కాఫోల్డింగ్ పనివాణ్ణి. గుండెకు స్టెంట్ పడింది గానీ బుర్రకు ఏమీ కాలేదు. ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో ఈ వీలునామా రాస్తున్నాను. నాది ఏడో తరగతి. అక్షరం తప్పుంటే దిద్దుకోండి, ఆస్తి మాత్రం దిద్దకండి. అమలు బాధ్యత నా కొడుకు నర్సింగ్‌ది.

1. ఇల్లు, జత ఎడ్లు, కంపెనీ నుంచి రావలసినదంతా నా భార్య లచ్చుబాయికి. నా మీద ఆమె చేసిన ఫిర్యాదులన్నీ నిజమే, అవీ ఆమెకే.

2. నా డోలు నర్సింగ్‌కు. వాయించి చింపాలి గానీ గోడకు తగిలించరాదు.

3. వాగొడ్డు చేను ఎవరికీ రాయలేను. తాత కాలంలో బయటినుంచి వచ్చిన కుటుంబం చేతిలో ఉంది. ఆదివాసీ భూమి బయటివాళ్ళకు చెల్లదని, చట్టం మా వైపే అన్నారు. ఆ చట్టం గూడెం దాకా ఎప్పుడూ నడిచి రాలేదు. ఆ ఇంటి మనవడు తిరుమల్ ఇక్కడ నా గదిలోనే, నా పై మంచం మీద పడుకుంటాడు. అక్కడా ఇక్కడా నా నెత్తి మీద వాళ్ళే. ప్రతి శుక్రవారం వాళ్ళమ్మ పుష్ప ఫోన్‌లో చేను చూపిస్తుంది. తేమ ఎక్కడ నిలుస్తుందో, కంది ఎక్కడ ముందు పూస్తుందో ఆమెకు తెలుసు. నాకు తెలియదు. కడుపు మండుతుంది.

ఆ గట్టునే మా పెద్దల రాళ్ళు ఏడున్నాయి. మా ఇంట్లో మనిషి పోతే రాయి నాటుతాం. కొత్త పంట ముందు వాళ్ళకు పెట్టాకే మేం తింటాం. ఇప్పుడు పెట్టేది పుష్ప. మా నాన్న ఆమె చేతి జొన్న గట్క తింటున్నాడు, నేను మెస్‌లో చల్లారిన అన్నం తింటున్నాను.

4. ఒప్పుకోలు. ఆ కుళ్ళుతోనే, అమావాస్యకో సీసా ఇప్పసారా ఆ రాళ్ళకు పోయకపోతే కంది కాయదని తిరుమల్‌కు చెప్పాను. అబద్ధం. సారా వాసనే పడని పుష్ప ముక్కుకు కొంగు కట్టుకుని రెండేళ్ళుగా పోస్తోంది. నీళ్ళు చాలు తల్లీ. అయితే పోసినదాన్ని మా నాన్న కాదని ఉండడు.

5. నాకు కావలసింది ఒక్కటే. శవం ఈ దేశంలోనే ఆగిపోయినా సరే, నా రాయి నాన్న రాయి పక్కన నాటాలి. రెండు జానల నేల. మరెక్కడ నాటినా నేను ఊరుకోను. సాక్షిగా సంతకం పెట్టిన తిరుమల్ ఆ నేల ఇవ్వడానికి ఒప్పుకున్నట్టే. చదవకుండా పెట్టాడా, వాడి ఖర్మ. మా తాత కూడా చదవకుండానే వాళ్ళ తాత కాగితం మీద వేలిముద్ర వేశాడు. అప్పుడు చేను మొత్తం పోయింది. నేను అడిగేది రెండు జానలే.

అల్ ఖోర్, 17 అక్టోబర్ 2025, శుక్రవారం
(సంతకం) కుమ్ర మారుతి

సాక్షులు:
1. జియావుద్దీన్, క్యాంప్ బస్ డ్రైవర్, సొంతూరు నిర్మల్.
2. తిరుమల్. చదివినంకనే సంతకం పెట్టిన కాకా. అమ్మకు ఫోన్‌ల అంతా ఇనిపించిన. జాగ ఇస్తదట. గని సారా సంగతి నీతోనే తేల్చుకుంటదట, బతికుండంగనే రమ్మంటున్నది.