తేట ఇన్సులిన్‌ను సైతం దొర్లించవలెనని ఉత్తర్వు కోరుతూ

ఔషధ శాఖ అధికారి గారి సముఖమునకు, కాలుండ్‌బోర్ రేవు వీధి కాపురస్థుడు, ఫెర్రీ ఇంజను గదిలో పనిచేసి విరమించిన వాగ్న్ థోస్ట్రుప్ వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: తేట ఇన్సులిన్ పెన్నును పొడుచుకొనుటకు ముందు అరచేతుల మధ్య దొర్లించవలెననియు, సదరు పని రోగి భార్యయే చేయవలెననియు ఉత్తర్వు ఇప్పించుట గురించి.

1. నాకు చక్కెర జబ్బు కలదు. ఇన్నాళ్లు వాడినది పాలరంగు ఇన్సులిన్. కదపక ఉంచినచో మందు అడుగుకు దిగి పైన నీరు తేలును. కనుక మందు నిండిన సూది పెన్నును చేతుల మధ్య మెల్లగా దొర్లించి, అంతా ఒకే రంగుకు వచ్చాకే పొడుచుకోవలెను. ఇంజను గది నా వేళ్లను బిగదీసినందున ఆ దొర్లింపు నా భార్య రిగ్మోర్ చేయుచుండెను.

2. ఆ పాలరంగు ఎక్కడిదో తమకు తెలిసే ఉండును, అయినా చెప్పెదను. మగ ట్రౌట్ చేపల వీర్యంలో దొరికే ఒక మాంసకృత్తును కలిపితే ఇన్సులిన్ సన్నని గింజకట్టి, ఒంట్లో నిదానంగా కరుగుతుందట. గ్రంథాలయంలో చదివొచ్చి చెబితే రిగ్మోర్, "అందుకేనా పొద్దున్నే నోరు తెరుచుకుని చేపలా చూస్తావు!" అంది. మా నాన్న కాలంలో ఇన్సులిన్ పందుల క్లోమం నుంచి వచ్చేది. తర్వాత మా ఊళ్లోనే పెద్ద పెద్ద తొట్లలో ఈస్టు చేత చేయించి, మిగిలిన మడ్డిని కొన్నాళ్లు పందులకే మేపారు. పందులకు ఆ విధంగా న్యాయం జరిగినది. నాకు జరగలేదు. కనుక ఫిర్యాదుకు వస్తాను.

3. పెన్ను రిగ్మోర్ చేతుల్లో తిరిగినంతసేపు నేను కుర్చీ కదలడానికి లేదు. ఎదురుగా రై రొట్టె, ఊరబెట్టిన హెర్రింగ్ చేప. పొడుచుకోకుండా ముట్టడానికి లేదు. మా కాపురమంతా ఆ కాసేపట్లోనే నడిచేది. "నిన్న పక్కింటామెతో అంతసేపు ఏం నవ్వావ్? ఆ చొక్కా మళ్లీ వేశావే, చెత్తబుట్టకైనా సిగ్గేస్తుంది. మోకాలు ఎలా ఉంది, నిజం చెప్పు." తిట్టు మొదట, మోకాలు చివర. మందు ఎప్పుడో కలిసిపోయినా చేతులు ఆగేవి కావు. నేనూ గుర్తుచేసేవాణ్ణి కాను.

4. ఇట్లుండగా పాలరంగు మందు ఇక రాదని తెలియజేసి, ఆసుపత్రి నర్సు మాయ్-బ్రిట్ తేట మందు చేతిలో పెట్టినది. ఇన్సులిన్ గొలుసులో చివరి పూస తీసేసి, దాని పక్కదానికి కొవ్వు తోక తగిలించారట. ఆ తోకతో అది రక్తంలోని మాంసకృత్తును పట్టుకు వేలాడుతూ కొంచెం కొంచెంగా వదులుతుందట. మెచ్చుకోవలసిన తెలివే. తోక తగిలించిన పండితులకు నా కుర్చీ సంగతి ఎవరూ చెప్పలేదు.

"దీన్ని దొర్లించక్కర్లేదు వాగ్న్. మోతాదు అంకె తిప్పు, పొడుచుకో, పో," అంది మాయ్-బ్రిట్.

మర్నాడు పెన్ను రిగ్మోర్ ముందు పెట్టాను. "నీళ్లలా ఉంటే దేన్ని కలపమంటావ్? నీ బుర్రనా?" అని తువ్వాలు భుజాన వేసుకుని, చలికాలం సముద్రస్నానాలు చేసే ఆడవాళ్ల జట్టులో చేరడానికి వెళ్లిపోయినది. అప్పటినుండి రోజూ అంతే. నేనూ హెర్రింగూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాము.

5. గతిలేక నేను పెన్ను గాజుకు బయటివైపు కాసిన్ని పాలు పూసితిని. లోపలి మందును ముట్టలేదు. ఇది తమరు ప్రత్యేకంగా గమనించ ప్రార్థన. రిగ్మోర్ మురిసి దొర్లిస్తుందనుకున్నాను. పాత మందు మసకగా ఉంటేనే మంచిది, కొత్తది మసకేస్తే చెడినట్టు అన్న ముక్క నాకు తట్టలేదు. ఆమెకు తట్టినది. స్నానపు అంగీతోనే నన్ను ఆసుపత్రికి ఈడ్చుకుపోయింది. దారంతా నా చెయ్యి వదల్లేదు.

మాయ్-బ్రిట్ గాజును బొటనవేలితో తుడిచి వాసన చూసింది. "రిగ్మోర్, ఇవి పాలు."

రిగ్మోర్ నా వంక చూసింది. తిట్టలేదు. ఆ రోజు మొదలు మా ఇంట్లో వినబడేది ఒక్కటే మాట: "పొడుచుకున్నావా?"

తిట్టే మనిషి ఊరుకుంటే ఇల్లు ఎలా ఉంటుందో ఇంజను ఆగిన ఫెర్రీలో పనిచేసినవాడికి తెలుస్తుంది.

కావున తమరు దయతలచి, తేట మందును కూడా దొర్లించవలెనని ముద్ర వేసిన ఉత్తర్వు పంపవలెను. మెల్లగా దొర్లిస్తే మందుకు హాని లేదని మాయ్-బ్రిట్‌ను అడిగి తెలుసుకున్నాను. ఎందుకు అడుగుతున్నానో ఆమెకు చెప్పలేదు.

ఇందలి సంగతులు చిత్తగించి, నవ్వు వచ్చినచో తలుపు వేసుకుని నవ్వగలరని నమ్ముతూ,

తమ విధేయుడు
వాగ్న్ థోస్ట్రుప్

తా.క. కవరు అంటించే ముందు ఈ అర్జీ రిగ్మోర్ కంట పడింది. "రోగి భార్యయే ఏమిటయ్యా? నేనేమైనా నీ ఇంజనులో పళ్లచక్రాన్నా? నేనెప్పుడు అడిగాను పక్కింటామె గురించి? అడిగితే మాత్రం తప్పా? కూర్చో అక్కడ!" అని పెన్సిలు తీసుకుని కుర్చీ లాక్కుంది. కాఫీ చల్లారింది, మళ్లీ పెట్టింది, అదీ చల్లారింది. సముద్రస్నానానికి వెళ్లలేదు. దిద్దుతూ దిద్దుతూ నా మోకాలి దాకా వచ్చి ఆగాము. తప్పులన్నీ తిరగరాస్తే గాని పంపనివ్వనంటోంది. ఆమె బజారుకు వెళ్లిన సందు చూసి, నా దగ్గరున్న దిద్దని నకలునే పంపుతున్నాను.

అందువల్ల అయ్యా, పైన కోరినది దయచేసి మంజూరు చేయవద్దు. కొర్రీలు వేసి తిప్పి పంపండి. అన్నీ ఒకేసారి అడగవద్దు. ఒక్కో ఉత్తరానికి ఒక్కో కొర్రీ. మేమిద్దరం కూర్చుని జవాబు రాస్తాము.