పద్నాలుగు దెబ్బల గెలుపు

గౌరవనీయులైన గుర్రపు పందేల నియంత్రణాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నిర్ణీత పరిమితికి మించి గుర్రమును కొరడాతో కొట్టిన జాకీ మీద, ఆ గెలుపును అనుభవించుచున్న యజమాని మీద చర్య తీసుకొనుట గురించి, మరియు సదరు దెబ్బలను మైకులో లెక్కపెట్టిన నేరమునకు నన్ను ఉద్యోగము నుండి తప్పించుట గురించి.

దిగువ సంతకం చేసిన నేను తమకు విన్నవించుకొను అంశములు ఏమనగా:

1. నేను తమ పరిధిలోని రేసుకోర్సులో చాలా ఏళ్ళుగా పందెపు వ్యాఖ్యాతగా పనిచేయుచుంటిని. గ్యాలరీ పైకప్పు కింద, చెక్కమెట్లు ఎక్కి వెళ్ళే ఇరుకు గది నాది. అందులో ఒక స్టూలు, ఒక మైకు, ఒక బైనాక్యులర్స్, సరిగా మూతపడని ఒక కిటికీ. ఏ గుర్రం ముందుంది, ఏది వెనకబడింది, ఏది లోపలి కంచెను పట్టుకుని దూసుకొస్తోంది, ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పడం నా పని. నేను గుర్రం ఎక్కినవాణ్ణి కాను, పందెం కాసినవాణ్ణీ కాను. కళ్ళకు కనబడింది చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి.

2. ఈ ఫిర్యాదులోని జాకీ నాకు స్వయానా అల్లుడు. ఈ సంగతి తమరు తర్వాత ఇంకెవరి ద్వారానో విని, “ఇంటి గొడవ మన నెత్తిన పెట్టాడు” అనుకోకుండా ముందే మనవి చేసుకొనుచున్నాను. ఇంట్లో గొడవ ఉన్నమాట నిజం. అయితే అది ఈ పందెం తర్వాత మొదలైంది. అంతకుముందు మా అల్లుడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మా అమ్మాయిని పల్లెత్తు మాట అనడు. మా ఇంటికి వస్తే గుమ్మంలో ఎవరి చెప్పులు అడ్డంగా ఉన్నా సర్ది మరీ లోపలికి వస్తాడు. బరువు పెరగకూడదని పందేనికి ముందు అరగ్లాసు మంచినీళ్ళు తాగడానికి కూడా పదిసార్లు ఆలోచిస్తాడు. అలాంటివాడి చేతిలోనే ఇది జరిగింది కాబట్టి నాకు మరీ రోత పుట్టింది.

3. జాకీలు బట్టలు మార్చుకునే గదిలో, అద్దం పక్కన తమ కార్యాలయం వారు వేయించిన బోర్డు కలదు. ఒక పందెంలో కొరడాను ఆరుసార్లకు మించి వాడరాదు. చెయ్యి భుజం కన్నా పైకెత్తి కొట్టరాదు. శక్తినంతా పెట్టేసి ఇక వేగం పెంచలేని గుర్రాన్ని అసలే కొట్టరాదు. అక్షరాలు పెద్దవే. కాకపోతే ఆ బోర్డు మీద ఎప్పుడూ ఎవరిదో ఒకరి తడి తువ్వాలు ఆరుతూ ఉంటుంది.

4. గత నెల ఆఖరి పందెంలో మా అల్లుడు ఎక్కినది సన్నజాజి అనే ఆడగుర్రం. గోధుమరంగుది, నుదుట తెల్లమచ్చ. అది పిల్లగా వచ్చినప్పటి నుంచీ దాని మీద స్వారీ చేసింది అతనే. అతను దగ్గరికి వస్తే చాలు, జేబులో మూతి పెట్టి వెతికేది. చివరి మలుపు తిరిగేసరికి అది రెండో స్థానంలో ఉంది. నోరు తెరుచుకుపోయింది. మెడ నిండా నురగ. తన దగ్గర ఉన్నదంతా అప్పటికే ఇచ్చేస్తోంది. ఎక్కడో పైన కూర్చుని బైనాక్యులర్స్‌లో చూస్తున్న నాకే తెలుస్తుంటే వీపు మీద ఉన్నవాడికి తెలియదా? అప్పుడు కొరడా లేచింది.

ఆరు దెబ్బల వరకూ నేను గుర్రాల పేర్లే చెబుతూ వచ్చాను. ఆ తర్వాతది పడినప్పుడు నోట్లోంచి పేరు రాలేదు. “ఏడు” అని వచ్చింది. అనుకుని చేసిన పని కాదయ్యా. కానీ మైకుకు అది తెలియదు కదా, రేసుకోర్సంతా వినిపించింది. ఏడో నంబరు గుర్రం మీద డబ్బు పెట్టినవాళ్ళు ఎగిరి గంతేశారు. పాపం ఆ ఏడో నంబరు అందరికన్నా వెనక, తనకేమీ పట్టనట్టు వస్తోంది. “ఎనిమిది” అన్నాను. ఆ పందెంలో ఎనిమిదో నంబరు గుర్రమే లేదు. అప్పుడు జనానికి అర్థమైంది, నేను లెక్కపెడుతున్నది దేన్నో.

5. ఈ అంశమును ప్రత్యేకముగా గమనించ ప్రార్థన. లెక్క వింటే జనం సిగ్గుపడతారనుకున్నాను. కనీసం ఒక్కరైనా “ఆపరా” అని అరుస్తారనుకున్నాను. తొమ్మిది అనేసరికి ముందు వరసలో ఎవరో నాతో గొంతు కలిపారు. పది అనేసరికి సగం గ్యాలరీ కలిసింది. పదకొండుకు చప్పట్లు. పన్నెండుకు పిల్లల్ని భుజాల మీదికెత్తుకుని వాళ్ళ చేత కూడా అనిపించారు. పదమూడుకు ఈలలు. పద్నాలుగు అన్నప్పుడు నా గొంతు నాకే వినబడలేదు. మెడంత తేడాతో సన్నజాజి గెలిచింది.

ఇన్నేళ్ళలో అంతమంది నా మాటను అంత ఇష్టంగా విన్నది ఆ ఒక్కసారే. మైకు కట్టేసి మెట్లు దిగాను.

6. అనంతరము నేను జీను దించు స్థలమునకు వెళ్ళితిని. సన్నజాజి కాళ్ళు వణుకుతున్నాయి. కుడి తుంటి మీద వేళ్ళంత లావున వాతలు తేలాయి. ఒకచోట చర్మం చిట్లి, నెత్తురు చెమటలో కలిసి తొడ మీదుగా కారుతోంది. దాని మీద గెలుపు దుప్పటి కప్పారు. ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూసి, “దుప్పటి ఇంకాస్త వెనక్కి లాగండి, మచ్చలు పడుతున్నాయి” అన్నాడు. లాగారు. అందరూ నవ్వారు. ఫొటో తీశారు. ఆ ఫొటో ఇప్పుడు తమ కార్యాలయం వరండాలో తగిలించి ఉంది. వీలైతే ఆ దుప్పటిని ఒకసారి చూడండి.

మా అల్లుడు కొరడా చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“మావయ్యగారూ, మైకులో ఏంటండీ ఆ లెక్క? పరువు తీసేశారు.”

“ఎవరి పరువు?”

“నాదే! ఇంకెవరిది?”

“దాని వెనక్కి వెళ్ళి చూడు బాబూ ఒకసారి.”

“గెలిచింది కదండీ!” అన్నాడు. చూడలేదు.

ఈలోగా గుర్రం యజమాని వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. “పెద్దాయనా, ఎందుకంత ఇదైపోతారు? జరిమానా వేస్తే నేను కట్టుకుంటాను. కప్పు మనదైంది, అది చూడండి” అన్నాడు. అన్న తీరు ఎలా ఉందంటే, బండి నిలపకూడని చోట నిలిపినందుకు రసీదు తీసుకునేవాడిలా ఉంది.

7. తమ కింద పనిచేయు విచారణ సంఘము వారు ముగ్గురు సభ్యులతో విచారణ జరిపిరి. వీడియో వేశారు. చివరి మలుపు దగ్గర పక్క గుర్రం అడ్డు వచ్చినందున ఏడు దెబ్బలే స్పష్టంగా కనబడుతున్నవని తేల్చారు. ఒకటే ఎక్కువైంది కనుక జాకీకి హెచ్చరిక. అంతే. ఆ తర్వాత ఒక సభ్యుడు, “ఏం ముగింపండీ అది! మళ్ళీ ఒక్కసారి పెట్టండి” అన్నాడు. మళ్ళీ పెట్టారు. బిస్కెట్లు తింటూ చూశారు. ఆ బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి నేనూ చూశాను.

తర్వాత నా వంతు వచ్చింది.

“మీ ఉద్యోగ నిబంధనల్లో దెబ్బలు లెక్కపెట్టమని ఉందా?”

“లేదండి.”

“మరి ఎందుకు లెక్కపెట్టారు?”

“పడుతున్నాయి కాబట్టి.”

అడిగిన సభ్యుడుగారు పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి, “నిబంధనల్లో లేదని ఒప్పుకున్నాడు, రాసుకో” అన్నారు. పందేల ప్రతిష్ఠకు భంగం కలిగించానని నన్ను తప్పించారు. ప్రతిష్ఠ ఎక్కడుందో చూపిస్తే క్షమాపణ చెప్పుకుంటానన్నాను. అది మాత్రం గుమాస్తా రాసుకోలేదు.

8. పై కారణముల వలన నాకు బయట, ఇంట మనశ్శాంతి కరువైనది. పాలవాడు నాకు పాకెట్లు అందిస్తూ నా గొంతును అనుకరించి, “ఒకటీ... రెండూ...” అంటాడు. మంగలి షాపులో నేను కూర్చోగానే ఎవరో ఒకరు “ఎన్నండీ ఇవాళ?” అంటారు. వాళ్ళకు అదొక సరదా కబురైపోయింది. మా ఆవిడ, “అల్లుణ్ణి ఊరంతా వినేలా అల్లరిపెట్టిన మామగారు లోకంలో మీరొక్కరే ఉంటారు” అని నా కంచం ముందు చప్పుడు చేస్తూ గిన్నెలు పెడుతోంది. మా అమ్మాయి ఫోన్ చేసి, “నాన్నా, నువ్వు ఎవరి తరఫు? ఒక్క మాటలో చెప్పు” అంది.

“గుర్రం తరఫు” అన్నాను.

“గుర్రం వచ్చి నీకు ముసలితనంలో అన్నం పెడుతుందిలే” అని పెట్టేసింది. తర్వాత చాలా రోజులు ఫోన్ చేయలేదు.

9. ఇట్లుండగా, మొన్నటి వారము జరిగిన సంగతి ఒకటి తమ దృష్టికి తెచ్చుట అవసరము. దీన్ని నేను చూడలేదు, మా అమ్మాయి చూసింది. తెల్లవారుజాము స్వారీకి అల్లుణ్ణి స్కూటర్ మీద దింపడానికి వెళ్ళి, అతను మరిచిపోయిన టోపీ ఇద్దామని గుర్రపుశాల లోపలికి వెళ్ళిందట. సన్నజాజి అతని అడుగుల చప్పుడు వినగానే వెనక్కి వెనక్కి వెళ్ళి మూలగోడకు అతుక్కుపోయింది. ఒళ్ళంతా చెమట పట్టి, నిలబడ్డచోటే మూత్రం పోసేసింది. అల్లుడు కొరడా బయట పారేసి, ఖాళీ చేతులు చూపిస్తూ, “ఏంటే, నేనే కదే” అన్నాడట. అది తల తిప్పి గోడ వైపే చూస్తూ ఉండిపోయింది. అతను జేబులోంచి క్యారెట్ తీసి గడ్డి మీద పెట్టి పక్కకు తప్పుకున్నాడు. సన్నజాజి దాన్ని వాసన కూడా చూడలేదు.

అప్పుడే వచ్చిన యజమాని ఇదంతా చూసి ఏమన్నాడో యథాతథముగా రాయుచున్నాను: “భయం పట్టిందన్నమాట! మంచిదేలే, ఈసారి కొట్టకముందే పరిగెడుతుంది.”

మా అల్లుడు జీను ఎత్తుకుని బయటికి వచ్చేశాడు. సాయంత్రం ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. అతను బూట్లు విప్పకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు. తర్వాత తనంతట తనే అన్నాడు: “మావయ్యగారూ, నన్నొక్కణ్ణి ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుందండీ? నా చోట్లో ఇంకొకడు ఎక్కుతాడు. వాడూ కొడతాడు. కొట్టకపోతే మర్నాటి నుంచి వాణ్ణి ఎవడూ పిలవడు. అదే, దెబ్బలు ఎక్కువైతే గెలుపే చెల్లదన్నారనుకోండి, కొట్టొద్దని యజమానులే మా కాళ్ళు పట్టుకుంటారు.”

అయ్యా, విచారణ బల్ల దగ్గర ముగ్గురు కూర్చుని తేల్చలేనిది మా గుమ్మంలో తేలింది.

10. కావున తమరు దయతో ఈ దిగువ కోర్కెలను పరిశీలించవలెను.

(అ) సన్నజాజి గెలుపును రద్దు చేసి, కప్పును వెనక్కి తీసుకోవలెను. ఇకమీదట పరిమితి దాటిన ప్రతి గెలుపునూ ఇట్లే రద్దు చేయవలెను. జరిమానాలు కట్టుకునే స్తోమత ఉన్నవారికి జరిమానా శిక్ష కాదు, అనుమతి.

(ఆ) మా అల్లుడికి హెచ్చరికతో సరిపెట్టక, తగిన కాలము స్వారీ నిషేధించవలెను. ఈ కోర్కె రాసేటప్పుడు మా ఆవిడ పక్కగదిలోనే ఉన్నది. తమరు నా ధైర్యమును గుర్తించగలరు.

(ఇ) ఆ బోర్డు మీది తువ్వాలు తీయించవలెను.

(ఈ) నా ఉద్యోగము విషయం. తిరిగి తీసుకోమని బతిమాలను. తీసుకుంటే మళ్ళీ లెక్కపెడతాను. జనం మళ్ళీ చప్పట్లు కొడతారు, అయినా లెక్కపెడతాను. ఇది ముందే తెలుసుకుని తమరు నిర్ణయించగలరు.

ఈ అర్జీని తమరు స్వయముగా చదివి మరీ చిత్తగించవలెను. గుమాస్తా చెప్పిన సారాంశము విని చిత్తగించవద్దని నా ప్రత్యేక మనవి.

ఇట్లు,
తమ విధేయుడు,
ప్రస్తుతము మైకు లేని పందెపు వ్యాఖ్యాత

తా.క. అర్జీ పూర్తి చేసి బల్ల మీద పెట్టి, కవరు కొనుక్కురావడానికి బయటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి, మా అమ్మాయితో కలిసి వచ్చిన మా అల్లుడు దాన్ని చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొత్తం చదివేశాడు. నేనేమీ దాచుకోలేదు, లాక్కోనూ లేదు.

“ఇందులో అంకె తప్పు రాశారండీ” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. “నా కళ్ళారా చూశాను. ఒక్కటి కూడా ఎక్కువ వెయ్యలేదు.”

“ఎక్కువ కాదండీ, తక్కువ. గెలుపు గీత దగ్గరికొచ్చాక కొరడా ఎడంచేతికి మార్చాను. అటుపక్క పడ్డవి మీకు కనబడవు. ఇంకో రెండున్నాయి.”

మా అమ్మాయి వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

“పిలిస్తే ఈ మాట అక్కడ చెబుతావా?” అని అడిగాను.

“చెబుతానండీ.”

“లైసెన్సు పోతుంది బాబూ.”

“నాకు తెలియదాండీ” అని కాగితం జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

నేను పై అంకెను దిద్దలేదు. నేను చూసినవి పద్నాలుగే, నా అర్జీలో అవే ఉంటాయి. ఆ మిగతా రెండూ తమరు అతని నోటనే వినండి. కొంచెం తొందరగా పిలవండయ్యా. వచ్చే ఆదివారం పందెం జాబితాలో సన్నజాజి పేరు మళ్ళీ వేశారు. ఈసారి ఎక్కేది ఇంకొకడు.